భయానక నవలని సినిమాగా తీస్తే ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు

డ్రాకులా ఎండ తగిలితే కాలి బూడిదైపోతాడని మనందరికీ తెలుసు. కర్నూల్లో కాలేజీ పిల్లల్ని అడిగినా, కడపలో ఎప్పుడూ నవల ముట్టని మనిషిని అడిగినా ఇదే చెబుతారు. కానీ బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చువేసిన నవలలో ఆ మాట ఎక్కడా లేదు. అందులో డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. పికడిల్లీలో నిలబడి ఒక అందమైన అమ్మాయి వైపు కన్నార్పకుండా చూస్తుంటే, ఒకప్పుడు అతని కోటకి వెళ్లిన లాయరు జోనాథన్ హార్కర్ గుర్తుపట్టి వణికిపోతాడు. పగటిపూట అతని శక్తులు తగ్గుతాయి, అంతే. చివర్లో చచ్చేది కూడా కత్తులకే. ఒకరు గొంతు కోస్తారు, ఇంకొకరు గుండెలో పొడుస్తారు.

ఎండకి చావడమన్నది 1922లో జర్మనీలో ఎఫ్. డబ్ల్యూ. ముర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు' సినిమాలో వచ్చింది. వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ చేతిలో లేని మూకీ సినిమాకి అంతకన్నా సరైన ముగింపు దొరకదు. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతుంది, పిశాచి గుండె మీద చెయ్యి వేసుకుని గాల్లో కలిసిపోతాడు. వందేళ్లలో ఆ ముగింపు ఎంతగా నాటుకుపోయిందంటే, ఇవాళ ఎవరైనా నవలలో ఉన్నట్టే డ్రాకులాని ఎండలో నడిపిస్తే పుస్తకాన్ని పాడుచేశారని ప్రేక్షకులే తప్పుపడతారు.

అందుకే నవలని ఉన్నదున్నట్టు తీయాలనే మాట వినడానికి న్యాయంగా ఉన్నా, అందులో చాలా చిక్కుముళ్లున్నాయి. అనంతపురంలో, కర్నూల్లో ఫోన్ కెమెరాతో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లలో చాలామంది హారర్‌తోనే మొదలుపెడుతున్నారు. ఖర్చు తక్కువ, పాత ఇల్లు ఒకటి దొరికితే చాలు. వాళ్లలో ఎవరైనా ఒక పాత నవల జోలికి వెళ్తే చూసినవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు కథ మార్చేశారని కోప్పడుతుంది. ఇంకో జట్టు సినిమా వేరు, పుస్తకం వేరు, వదిలేయండి అంటుంది. నేను రెండింటికీ ఒప్పుకోను. మార్చడం తప్పు కాదు. కానీ భయానక సాహిత్యంలో ముట్టుకోకూడనిది ఒకటుంది: ఆ కథలో భయం దేన్నుంచి పుడుతోందో ఆ మూలం. ఊరు మార్చండి, కాలం మార్చండి, పేర్లు, సంఘటనలు, ముగింపు మార్చండి. ఆ మూలాన్ని మారిస్తే మాత్రం మీరు తీసింది వేరే కథ.

మూలం అంటే ఏమిటో చూడటానికి డ్రాకులానే తీసుకుందాం. నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు. కథ చెప్పే ఒక గొంతంటూ ఉండదు. అందువల్ల ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు, చదివే మనకి మాత్రం అన్నీ తెలుస్తుంటాయి. ఇందులో ఒక ఘట్టం నన్ను ఎన్నేళ్లయినా వదలదు. లూసీ అనే అమ్మాయి రోజురోజుకీ పాలిపోతుంటుంది. ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ హాలండ్ నుంచి వెల్లుల్లి పూలు తెప్పిస్తాడు. వాటిని కిటికీ రెక్కలకి, తలుపు చుట్టూ రుద్ది, దండ గుచ్చి ఆమె మెడలో వేసి, కిటికీ తెరవొద్దని చెప్పి వెళ్తాడు. పొద్దున్నే వచ్చేసరికి లూసీ తల్లి సంతోషంగా ఎదురొస్తుంది. రాత్రి పిల్ల గదిలోకి తొంగి చూశాననీ, ఆ పూల ఘాటుకి ఊపిరాడనట్టుగా ఉంటే తనే అన్నీ తీసేసి, కాస్త గాలి రావాలని కిటికీ తెరిచాననీ చెబుతుంది. ఆమెది గుండెజబ్బు. నిజం చెబితే అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. వాన్ హెల్సింగ్ ఆమె ముందు తమాయించుకుంటాడు. ఆమె అటు వెళ్లగానే భోజనాల గదిలో కూలబడి వెక్కివెక్కి ఏడుస్తాడు.

ఈ ఘట్టంలో డ్రాకులా లేడు. మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక ఆ లావుపాటి పుస్తకంలో అతను కనిపించేదే చాలా తక్కువ. భయం పుట్టేది తల్లి ప్రేమలోంచి. పిల్ల మీద ఉన్న ప్రేమతోనే ఆమె కిటికీ తెరిచింది. తెలిసినవాడు చెప్పలేడు, చెప్పాల్సినవాళ్లకి తెలియదు. వెల్లుల్లి పూలూ, తల్లీ, కిటికీ అన్నీ ఉంచి, ముందే డ్రాకులా కిటికీ దగ్గరికి వస్తున్నట్టు చూపిస్తే సంఘటన ఉంటుంది, ఆ భయం మాత్రం ఉండదు.

1931లో టాడ్ బ్రౌనింగ్ తీసిన సినిమా నవల నుంచి నేరుగా రాలేదు. మధ్యలో ఒక రంగస్థల నాటకం ఉంది. అందులో డ్రాకులాగా బేలా లుగోసీ వేసుకున్న ఆ విందు దుస్తులు, మర్యాదస్తుడి తీరు నాటకాల వాళ్ల పుణ్యమే. నవలలో మొదట కనిపించే డ్రాకులా పొడవాటి తెల్ల మీసాలున్న ముసలివాడు, అరచేతుల్లో కూడా వెంట్రుకలుంటాయి. అయినా నేను ఆ సినిమాని పెద్దగా తప్పుపట్టను. 1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కపోలా తీసిన దాని గురించే నాకు బాధ. ఆయన డైరీలు, టైప్‌రైటర్, ఫోనోగ్రాఫ్ అన్నీ తెచ్చాడు. ఇతరులు వదిలేసిన పాత్రలను తిరిగి పెట్టాడు. సినిమా పేరులోనే బ్రామ్ స్టోకర్ పేరు పెట్టుకున్నాడు. కానీ డ్రాకులా చనిపోయిన భార్యే హార్కర్ భార్య మీనాగా మళ్లీ పుట్టిందని, అతను ఆమె కోసమే వచ్చాడని ఒక ప్రేమకథ కలిపాడు. నవలలో ఆ ప్రేమ ఊసే లేదు. అక్కడ డ్రాకులా ఒక ఇంటిని, ఒక ఊరిని, చివరికి ఒక దేశాన్ని ఆక్రమించడానికి వచ్చినవాడు. మీనాకి అతను తన రక్తం తాగించడం ఒక దాష్టీకం. దాన్ని ప్రేమ చేస్తే భయం స్థానంలో జాలి కూర్చుంటుంది. కళ్లు తిప్పుకోలేనంత అందమైన సినిమా అది. సంఘటనల లెక్కలో నవలకి దగ్గరగా ఉంటుంది, మూలం దగ్గరికొచ్చేసరికి ముర్నావ్ కన్నా చాలా దూరం వెళ్లిపోయింది.

అక్షరానికి కట్టుబడటం, ప్రాణానికి కట్టుబడటం: మన సీమలో ఈ రెండు రకాల నిష్ఠకీ మంచి ఉదాహరణలున్నాయి. కడపలో సి. పి. బ్రౌన్ వేమన పద్యాల దగ్గర్నుంచి కావ్యాల దాకా రాతప్రతులు ఊరూరా సేకరించాడు. జీతాలిచ్చి పండితులను పెట్టుకుని ఒక ప్రతిని ఇంకో ప్రతితో సరిచూపించాడు. అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా పట్టించుకోవాల్సిందే. ఇవాళ కడపలో ఆయన పేరుమీదున్న గ్రంథాలయంలో అడుగుపెడితే ఆ శ్రమ ఎంతటిదో అర్థమవుతుంది. పుస్తకాన్ని పుస్తకంగా కాపాడాలంటే అదే దారి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాడించే కుటుంబాలది ఇంకో దారి. వాళ్లు రామాయణమే ఆడతారు. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి పోట్లాడుకుంటారు, ఊళ్లో సంగతులు మాట్లాడతారు, మోటు సరసాలాడతారు. వాల్మీకిలో వాళ్లు లేరు. అయినా తెల్లవార్లూ కూర్చున్న జనంలో రామాయణం చెడిపోయిందని ఎవరూ అనరు. సీత కోసం పడే ఆరాటం చెక్కుచెదరదు కాబట్టి. సినిమాకి కావాల్సింది ఈ రెండో నిష్ఠ అని నేను నమ్ముతాను. ఇది మొదటిదానికన్నా తేలికేం కాదు. అక్షరాలు సరిచూసుకోవడానికి ఎదురుగా ప్రతి ఉంటుంది. ప్రాణం ఎక్కడుందో ఎవరికి వాళ్లే వెతుక్కోవాలి.

ఆ ప్రాణాన్ని తప్పుగా పట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే 'ఫ్రాంకెన్‌స్టైన్' దగ్గరికి రావాలి. మేరీ షెల్లీ నవల 1818లో రచయిత్రి పేరు లేకుండా అచ్చయింది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు శవాల అవయవాలతో ఒక ప్రాణిని తయారుచేస్తాడు. అది కళ్లు తెరవగానే అసహ్యంతో గదిలోంచి పారిపోతాడు. ఆ ప్రాణి అడవుల్లో తిరిగి తిరిగి, ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుంటుంది. సందులోంచి వాళ్లని చూస్తూ మాట నేర్చుకుంటుంది, చదవడం నేర్చుకుంటుంది, మిల్టన్ కావ్యం చదువుతుంది. రాత్రిళ్లు వాళ్లకి తెలియకుండా కట్టెలు కొట్టి పెడుతుంది. ఒకరోజు, చూపులేని పెద్దాయన ఒక్కడే ఉన్న సమయం చూసి లోపలికి వెళ్తుంది. ఆయన ఆదరంగా కూర్చోబెట్టి మాట్లాడతాడు. అంతలో కొడుకు వచ్చి చూసి కర్రతో బాదుతాడు. అతన్ని ముక్కలు చేసే బలముండీ ఆ ప్రాణి చెయ్యెత్తదు. అక్కణ్నుంచే దాని మనసు విరుగుతుంది. కన్నవాడే వదిలేస్తే, లోకం ముఖం చూసి తరిమితే, మంచిగా ఉండగలిగిన ప్రాణి హంతకుడిగా మారుతుంది. ఆ నవలలో భయమంతా ఇక్కడుంది.

1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో ఆ ప్రాణికి మాట లేదు. దాన్ని కూడా క్షమించొచ్చు. కానీ అందులో సహాయకుడు మంచి మెదడున్న గాజు జాడీని జారవిడిచి, నేరస్థుడి మెదడు పట్టుకొస్తాడు. ఈ చిన్న మార్పు కథ వెన్ను విరిచేసింది. ఇక తప్పు కన్నవాడిది కాదు, లోకానిది కాదు. సరుకు నాసిరకం కాబట్టి అలా తయారైంది. పేర్లు మార్చడం, పిడుగుల యంత్రం పెట్టడం దీని ముందు లెక్కే కాదు. ఆ సినిమా ఇప్పటికీ నిలబడిందంటే అది ఆ ప్రాణిగా నటించిన బోరిస్ కార్లాఫ్ వల్ల. పైకప్పు తెరిచి మొదటిసారి వెలుతురు లోపలికి వదిలినప్పుడు ఆ ప్రాణి లేచి నిలబడి రెండు చేతులూ పైకి చాస్తుంది, వెలుతురుని అందుకోవాలని. పైకప్పు మూసేస్తారు. చేతులు ఖాళీగా తిరిగొస్తాయి. నేరస్థుడి మెదడని రాసిన స్క్రిప్టుని ఆ రెండు చేతులూ అబద్ధం చేసేశాయి. షెల్లీ రాసిన వదిలివేతంతా ఆ కొన్ని క్షణాల్లో ఉంది. స్క్రిప్టు పోగొట్టినదాన్ని ఒక్కోసారి నటుడు వెనక్కి తెస్తాడు. 1935లో వేల్ తీసిన రెండో భాగంలో చూపులేని మనిషి, మాట్లాడటం రెండూ వచ్చాయి. 2025లో గియెర్మో డెల్ టోరో తీసిన సినిమాలో ఆ ప్రాణి తన కథ తానే చెప్పుకుంటుంది.

ఇక కెమెరాకున్న ఒక పెద్ద ఇబ్బంది. అది చూపించి తీరాలి. స్టీవెన్సన్ 1886లో రాసిన, జెకిల్ అనే డాక్టరు, హైడ్ అనే దుర్మార్గుడి కథలో హైడ్ ముఖాన్ని ఎవరూ సరిగ్గా వర్ణించలేరు. ఏదో వికారం ఉందనిపిస్తుంది, ఎక్కడుందో చెప్పలేరు. ఇద్దరూ ఒక్కడేనన్న సంగతి చివరిదాకా బయటపడదు. ఈ రెండూ సినిమాకి కుదరవు. నటుడికి ముఖం ఉంటుంది, గుట్టు ఇప్పుడు లోకమంతటికీ తెలుసు. కాబట్టి ఈ కథని మార్చక తప్పదు. 1931లో రూబెన్ మమూలియన్ గుట్టు వదిలేసి, రూపం మారే క్షణాన్నే పట్టుకున్నాడు. రంగు మేకప్, రంగు ఫిల్టర్లు వాడి, కట్ లేకుండా కళ్లముందే ముఖం మార్చి చూపించాడు. ఆ పాత్రకి ఫ్రెడ్రిక్ మార్చ్‌కి ఆస్కార్ వచ్చింది.

హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ' ఇంకా కష్టం. పల్లెలో పెద్ద ఇల్లు, ఇద్దరు పిల్లలు, వాళ్లకి చదువు చెప్పడానికి వచ్చిన యువతి. చనిపోయిన ఇద్దరు పనివాళ్లు ఆమెకి కనిపిస్తుంటారు. పిల్లలకి కనిపిస్తున్నారో లేదో తెలియదు. దెయ్యాలున్నాయా, ఆమె మనసే చెదిరిందా అన్నది తేలదు. తేలకపోవడంలోనే భయం ఉంది. దెయ్యాలున్నాయనుకుంటే పిల్లలకి వాటివల్ల ప్రమాదం. లేవనుకుంటే ఈమె వల్లే ప్రమాదం. తెరమీద ఒక ఆకారాన్ని చూపిస్తే ఉందని ఒప్పుకున్నట్టే కదా. 1961లో జాక్ క్లేటన్ ఈ కథనే 'ది ఇన్నోసెంట్స్' పేరుతో తీసినప్పుడు ఆకారాల్ని చూపించాడు, కానీ చాలాచోట్ల ముందు ఆ యువతిగా నటించిన డెబొరా కెర్ ముఖం చూపించి, ఆ తర్వాతే ఆమె చూస్తున్నది చూపించాడు. దాంతో మనం చూస్తున్నది ఆమె కళ్లతోనా, మన కళ్లతోనా అన్న అనుమానం వదలదు. కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఫిల్టర్లకి రంగు పూసి ఫ్రేము అంచులని మసక చేశాడు. తోలుబొమ్మలాటలో బొమ్మని తెరమీంచి వెనక్కి, దీపం వైపు జరిపితే నీడ పెరిగి అంచులు చెదిరిపోతాయి. చిన్నపిల్లలు జడుసుకునేది సరిగ్గా అప్పుడే. అంచు ఎక్కడో తెలియనిది ఎంత పెద్దదో తెలియదు. ఫ్రాన్సిస్ చేసింది ఆ పనే. ఆ సినిమాలో ఒకచోట మాత్రం, ఏడుస్తూ కూర్చున్న ఆకారం మాయమయ్యాక బల్లమీద కన్నీటి చుక్క తడిగా మిగిలిపోతుంది. గొప్ప సీనే, కానీ తక్కెడ ఒకవైపు మొగ్గింది. నాకైతే ఆ చుక్క లేకుండా ఉంటే బాగుండేది.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన హిల్ హౌస్ నవలలో దెయ్యాలున్నాయనే ఇంట్లో, చీకట్లో ఎలనార్ అనే ఆమె పక్కమంచం మీదున్న స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంటుంది. దీపం వెలిగాక చూస్తే స్నేహితురాలు గదికి అవతల ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? 1963లో రాబర్ట్ వైజ్ దీన్ని కదపకుండా ఉంచాడు. సినిమా మొత్తంలో దెయ్యం ఒక్కసారి కూడా కనిపించదు. తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది, అంతే. 1999లో అదే కథని మళ్లీ తీసినవాళ్లు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో ఇల్లంతా కదిలించారు. చూడ్డానికి చాలా ఉంది, భయపడ్డానికి ఏమీ లేదు.

మార్పే నిష్ఠ అయిన సందర్భాలూ ఉన్నాయి. దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ నవల నుంచి వచ్చింది కాదు, అయినా ఇక్కడ చెప్పక తప్పదు. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన 'మణిచిత్రతాళ్'లో నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన తమిళ నర్తకి. కేరళ ఇంటి కోడలు ఒక్కసారిగా తమిళం మాట్లాడటంలోనే ఒళ్లు జలదరించేది. 2005లో తమిళంలో 'చంద్రముఖి' తీసినప్పుడు నర్తకిని తమిళురాలిగానే ఉంచితే ఏముంది? ఆమెని తెలుగు నర్తకిని చేశారు, 'రారా' పాట తెలుగులో పెట్టారు. అదే సినిమా తెలుగులోకి వచ్చేసరికి ఆమె తమిళం పాడింది, మనకి 'వారాయ్' అయింది. మన ఇంటి అమ్మాయి నోట మనది కాని భాష రావాలి, అదీ ఆ కథలో మూలం. దాన్ని కాపాడటానికి ప్రతిసారీ మార్చాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుదిశలో నడిచింది మన బేతాళుడి కథ. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఇది నిజంగా భయానకం. ఒక భిక్షువు రోజూ రాజుకి ఒక పండు తెచ్చిస్తాడు. ఒకరోజు కోతి దాన్ని కొరికితే లోపలినుంచి రత్నం రాలుతుంది. ఆ రుణం తీర్చడానికి, భిక్షువు కోరినట్టే రాజు శ్మశానానికి వెళ్లి చెట్టుకి వేలాడుతున్న శవాన్ని భుజాన వేసుకుంటాడు. దారిలో శవంలోని బేతాళుడు కథలు చెబుతాడు. చివరి కథకి రాజు దగ్గర జవాబుండదు. అప్పుడు బేతాళుడు అసలు సంగతి చెబుతాడు: నిన్ను బలివ్వడానికే ఆ భిక్షువు ఎదురుచూస్తున్నాడని. రాజు ఇంతసేపూ మోసుకెళ్తున్నది తన చావునే. కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947లో మొదలుపెట్టిన 'చందమామ' ఈ కథని ఇంటింటికీ తెచ్చింది. శవం, కత్తి, శ్మశానం, కథ మొదలయ్యే తీరు, ముగిసే తీరు అన్నీ అలాగే ఉంచింది. కానీ కథలు పాతికతో ఆగలేదు, దశాబ్దాల పాటు కొత్తవి పుట్టుకొస్తూనే ఉన్నాయి. ప్రయాణానికి చివర లేకుండా పోయింది, భిక్షువు కనుమరుగయ్యాడు. చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మలో శవాన్ని చూసి మొదటిసారి జడుసుకున్న పిల్లాడు కూడా కొన్నాళ్లకి తీర్పు ఏమిటో చదవడానికి పేజీ తిప్పేవాడు. భయానక కథ ధర్మసందేహాల కథ అయింది. నేను దాన్ని ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను. కానీ ఎవరైనా ఈ కథని హారర్‌గా తెరకెక్కించాలంటే చందమామ బేతాళుడితో కుదరదు, ఆ భిక్షువు దగ్గరికి తిరిగి వెళ్లాలి.

నా వాదనకి గట్టి దెబ్బ 'ది షైనింగ్' అని ఎవరైనా అంటారు. అనాల్సిందే. స్టీఫెన్ కింగ్ 1977లో రాసిన నవలలో జాక్ టోరెన్స్ తాగుడు మానేసి కుటుంబాన్ని నిలబెట్టుకోవాలని తపించే మనిషి. మంచు కమ్మిన హోటల్ అతన్ని మింగేస్తుంది. అయినా చివర్లో ఒక్క క్షణం తండ్రై, కొడుకుని పారిపొమ్మంటాడు. 1980లో స్టాన్లీ కూబ్రిక్ సినిమాలో జాక్‌ని ఆ హోటల్ ఉద్యోగం కోసం వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో చూసినప్పుడే ఏదో తేడాగా అనిపిస్తుంది. మంచితనం పోవడం కనిపించదు, లోపలున్నది బయటపడటమే కనిపిస్తుంది. కింగ్‌కి ఈ సినిమా నచ్చలేదు. 1997లో తానే స్క్రిప్టు రాసి టీవీకి మూడు భాగాలుగా తీయించుకున్నాడు. అది నవలకి చాలా దగ్గరగా ఉంటుంది. కానీ జనం మనసులో నిలిచిపోయింది కూబ్రిక్‌దే.

దీన్నిబట్టి నిష్ఠ అక్కర్లేదని తేల్చేయడం తొందరపాటు. కూబ్రిక్ గొప్ప సినిమా తీశాడు, అది కింగ్ రాసిన భయం మాత్రం కాదు. మంచి నాన్న చేజారిపోతాడేమోనన్న భయం వేరు, నాన్న మొదట్నుంచీ ఇంతేనేమోనన్న భయం వేరు. రెండోదాన్ని అంత బలంగా చూపించినవాళ్లు తక్కువ. అయినా తాగుడుతో తానే పోరాడిన రచయిత, తన నవలలోని తండ్రిని తీసేశారని బాధపడితే ఆ బాధ న్యాయమైనదే. సినిమా గొప్పదనం ఆ ఫిర్యాదుని కొట్టేయలేదు. టీవీ భాగాలు నిలవకపోవడానికి కారణం కూడా నిష్ఠ ఎక్కువవడం కాదు. కాగితం మీద వణికించిన జంతువుల ఆకారపు పొదలు తెరమీద కదిలితే నవ్వొచ్చింది. కూబ్రిక్ వాటిని తీసేసి పొదల చిట్టడవి పెట్టుకున్నాడు.

మరి మన దగ్గర తీస్తే? మా వైపు అవ్వలు దెయ్యం కథ చెప్పేటప్పుడు పిల్లలు అడ్డుపడి అడుగుతారు: "ఆ దెయ్యం యాడుంటాదవ్వా?" అవ్వ తడుముకోదు. "యాడో ఎందుకు నాయినా, మన వంక కాడ చింతచెట్టు లేదా, దాని మిందనే." ఆ కథ పక్కూళ్లో ఇంకో చెట్టు మీద ఉంటుంది. నోటికథకి ఈ స్వేచ్ఛ ఎప్పుడూ ఉంది, సినిమాకి ఎందుకుండకూడదు? బనగానపల్లె నవాబుల బంగ్లాని 2009లో 'అరుంధతి'కి వాడుకున్నాక దాన్ని జనం అరుంధతి బంగ్లా అనే పిలుస్తున్నారు. ఆ కథ జరిగేది గద్వాలలో. చోటు మారినా భయం వచ్చి కొత్తచోట కూర్చుంది.

డ్రాకులాని సీమకి తెచ్చామనుకోండి. హార్కర్ లండన్‌లో ఇల్లు కొనే కాగితాలు పట్టుకుని కోటకి వెళ్లిన లాయరు. మన కథలో కర్నూలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే ఒక డాక్యుమెంట్ రైటర్ గండికోట అవతల ఎర్రమల కొండల్లో ఉన్న పాత కోటకి సంతకాల కోసం వెళ్లాలి. పిశాచి ఊళ్లోకి వచ్చేది మంత్రంతో కాదు, పక్కా రిజిస్ట్రేషన్‌తో. స్టోకర్ ఊహలో ఇది చాలా ముఖ్యమైన సంగతి, సినిమాల్లో ఇది తరచుగా జారిపోతుంది. 1897 పాఠకులకి ఆ నవల పాతకాలపు కథ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. షార్ట్‌హ్యాండ్, టైప్‌రైటర్, ఫోనోగ్రాఫ్, రక్తం ఎక్కించడం, ఇవన్నీ వాళ్ల కాలపు ఆధునిక సంగతులు. రక్తంలో గ్రూపులుంటాయని అప్పటికింకా ఎవరికీ తెలియదు. నలుగురు మగవాళ్లు లూసీకి వరుసగా రక్తమిస్తారు. కాబట్టి గుర్రపుబండ్లు, పొగమంచు పెట్టి పాత ఫోటోలా తీస్తే నవలకి దగ్గరైనట్టు కనిపిస్తుంది కానీ దూరమవుతుంది. మన కథలో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, సీసీటీవీ, అర్ధరాత్రి గ్రూపుల్లో 'ఓ నెగటివ్ అర్జెంటుగా కావాలి' అని వచ్చే ఫార్వర్డులు ఉండాలి. పిలవకుండా ఇంట్లో అడుగుపెట్టలేని పిశాచి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడితే, వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో 'పంపించమంటారా సార్' అని అడగాలి.

ఇక్కడే ఒక చిక్కుంది, దీన్ని తేలిగ్గా దాటేయకూడదు. వెల్లుల్లి పూల బదులు నిమ్మకాయలు, వేపమండలు పెట్టి, చదువుకున్న తల్లి అవి మూఢనమ్మకాలని తీసేసిందనుకోండి. సీను బ్రహ్మాండంగా పండుతుంది. కానీ చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. ఇక్కడ ఆ సీను తీస్తే మంత్రగాడి మాటే నిజమని చెప్పినట్టవుతుంది. లండన్‌లో ఆ వెల్లుల్లి వల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. స్టోకర్ నవలలో డ్రాకులా పెట్టెలు మోసే సేవకులుగా జిప్సీలని పెట్టాడు. ఆ కాలపు చులకన భావం అది. దాన్ని మనం యథాతథంగా తెచ్చుకుంటే ఏమవుతుందో మన సినిమాలే చూపించాయి: మాంత్రికుడు అనగానే ఫలానా సంచారజాతి వేషం, ఫలానా కట్టూ బొట్టూ. దీన్ని మార్చాలి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. పైగా మార్చినా నవలకి ఏమీ కాదు. ఆ ఘట్టంలో భయం వెల్లుల్లిలో లేదు, జిప్సీల్లో అసలే లేదు. తల్లి తీసేసేది డాక్టరు పెట్టిన సీసీ కెమెరా కావచ్చు, పిల్లకి నిద్ర చెడుతోందని. కిటికీ తెరిచేది తల్లి కావాలి, ప్రేమతో తెరవాలి, అది తెలిసినవాడు ఆమెకి చెప్పలేకపోవాలి. ఈ మూడూ ఉంటే చాలు.

చివరగా హక్కుల సంగతి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. స్టోకర్, షెల్లీ, స్టీవెన్సన్ కథలు ఎవరైనా తీసుకోవచ్చు. యండమూరి 'తులసిదళం' తీయాలంటే మాత్రం ఆయన దగ్గర హక్కులు కొనాల్సిందే. తెలుగులో కథలెత్తుకుని పేరు వేయకపోవడం కొత్త కాదు, నాలుగు సీన్లు మార్చేసి మాది సొంత కథ అనడం మామూలైపోయింది. మార్చినంత మాత్రాన కథ సొంతమైపోదు. నోస్ఫెరాటు వాళ్లు డ్రాకులా పేరుని ఓర్లాక్ అని మార్చారు, లండన్‌ని జర్మన్ పట్నం చేశారు, ముగింపు కూడా మార్చారు. స్టోకర్ నవల ఆధారంగా అని టైటిల్స్‌లో వేశారు కూడా, కానీ అనుమతి తీసుకోలేదు. స్టోకర్ భార్య ఫ్లారెన్స్ కోర్టుకి వెళ్లింది. 1925లో ఆ సినిమా ప్రింట్లన్నీ నాశనం చేయమని జర్మనీ కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే విదేశాలకి వెళ్లిపోయిన కొన్ని ప్రింట్ల వల్లే ఆ సినిమా ఇవాళ మనకి దొరుకుతోంది.